చిప్ ఒకటే, వేగాలు వేరు

2021 ఏప్రిల్‌లో యాపిల్ కంపెనీ తన ఐప్యాడ్ ప్రో ట్యాబ్లెట్‌లో ఎం1 అనే చిప్‌ను పెడుతున్నట్టు ప్రకటించింది. అంతకు అయిదు నెలల ముందే, 2020 నవంబరులో, అదే చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్, 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో అనే రెండు ల్యాప్‌టాప్‌లలోనూ, మ్యాక్ మినీ అనే డెస్క్‌టాప్‌లోనూ వచ్చి ఉంది. యంత్రాలను పోల్చి చూసేవాళ్లకు ఇంత మంచి అవకాశం అరుదుగా దొరుకుతుంది. అంతవరకూ ట్యాబ్లెట్‌నీ ల్యాప్‌టాప్‌నీ పక్కపక్కన పెడితే అన్నీ తేడాలే కనిపించేవి. చిప్ వేరు, అది అర్థం చేసుకునే ఆదేశాలు వేరు, తయారుచేసిన ఫ్యాక్టరీ వేరు, ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. ఒకటి వేగంగా, మరొకటి నెమ్మదిగా పనిచేస్తే అందుకు వీటిలో ఏది కారణమో విడదీసి చెప్పడం దాదాపు అసాధ్యంగా ఉండేది. ఎం1 రాకతో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లున్న ఒకే రకం చిప్, నాలుగు పెద్ద కోర్లూ నాలుగు చిన్న కోర్లూ ఉన్న ఒకే నిర్మాణం, వేర్వేరు రకాల పెట్టెల్లో అమ్మకానికి వచ్చింది. ఇక వాటి మధ్య ఏ తేడా కనిపించినా దానికి కారణం చిప్‌లో వెతకనక్కరలేదు. పెట్టెలోనో, బ్యాటరీలోనో, సాఫ్ట్‌వేర్‌లోనో వెతకాలి. తేడాలు నిజంగానే కనిపించాయి. అవి చెప్పే సంగతే ఈ అధ్యాయానికి విషయం: ప్రాసెసర్ వేగాన్ని చిప్ ఒక్కటే నిర్ణయించదు. ఆ చిప్ ఏ ఒంట్లో ఉంది, ఎంతసేపు ఆగకుండా పనిచేయాలి, పక్కన ఎంత మెమరీ ఉంది అనేవి కూడా దానితో సమానంగా నిర్ణయిస్తాయి. వీటిని వదిలేసి ఒకే ఒక్క అంకెతో ట్యాబ్లెట్‌నీ ల్యాప్‌టాప్‌నీ, లేదా పాత ట్యాబ్లెట్‌నీ కొత్తదాన్నీ పోల్చడం సగం కొలతే అవుతుంది.

ఆ సగం కొలత ఎంత దూరం వెళ్లిందో ముందు చూద్దాం. 2015 సెప్టెంబరులో మొదటి ఐప్యాడ్ ప్రోను చూపిస్తూ, అందులోని ఏ9ఎక్స్ చిప్ గడిచిన 12 నెలల్లో మార్కెట్లోకి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో 80 శాతం కంటే వేగవంతమైనదని యాపిల్ చెప్పింది. 2018 అక్టోబరుకల్లా, ఏ12ఎక్స్ చిప్‌తో, ఆ అంకె 92 శాతానికి చేరింది. ఇవి అబద్ధాలని నేను అనను. కానీ ఒక ఏడాదిలో ప్రపంచమంతటా అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో చాలా భాగం చవక రకాలే. స్కూళ్లకూ ఆఫీసులకూ టోకున వెళ్లేవి, అడుగు ధరల ప్రాసెసర్లున్నవి అందులో కలిసే ఉంటాయి. వాటన్నిటినీ దాటడం ఒక సంగతి, మిగిలిన 8 శాతాన్ని అందుకోవడం వేరే సంగతి. వీడియో ఎడిటింగుకూ ఇంజనీరింగ్ లెక్కలకూ కొనే యంత్రాలు ఆ 8 శాతంలోనే ఉంటాయి. పైగా ఏ పనిలో వేగం, ఎంతసేపు చేస్తే వేగం అనే ప్రశ్నలకు ఆ శాతంలో జవాబు లేదు.

ఇలాంటి అంకెలు పుట్టేది బెంచ్‌మార్క్ పరీక్షల నుంచి. వాటిలో జనం నోట ఎక్కువగా వినిపించేది గీక్‌బెంచ్. కెనడాకు చెందిన ప్రైమేట్ ల్యాబ్స్ దీన్ని తయారుచేస్తుంది. ఫైళ్లను కుదించడం, వెబ్ పేజీని తెరపై పేర్చడం, ఫొటోలో వస్తువులను గుర్తించడం, ప్రోగ్రామ్‌ను కంపైల్ చేయడం లాంటి చిన్న చిన్న పనులను యంత్రం చేత చేయించి, పట్టిన సమయాన్ని ఒక ప్రామాణిక యంత్రంతో పోల్చి స్కోరు ఇస్తుంది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన గీక్‌బెంచ్ 6లో ఇంటెల్ కోర్ ఐ7-12700 అనే డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు 2,500 అని పేరు పెట్టి, మిగతా అన్నిటినీ దాని లెక్కన కొలుస్తారు. దానికి ముందు వచ్చిన గీక్‌బెంచ్ 5లో కోర్ ఐ3-8100కి 1,000 అని పెట్టుకున్నారు. అంటే పాత ట్యాబ్లెట్‌కు ఆ రోజుల్లో వచ్చిన స్కోరును కొత్తదాని స్కోరు పక్కన పెట్టి తీసివేత చేయడానికి వీల్లేదు, కొలబద్దే మారిపోయింది. ఇంకా ముఖ్యమైన విషయం, గీక్‌బెంచ్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఒక పనికీ మరో పనికీ మధ్య కాస్త విరామం కూడా ఇస్తుంది. చిప్ వేడెక్కి మందగించకుండా దాని అసలు సత్తాను చూడాలనే ఉద్దేశంతో కావాలనే అలా రూపొందించారు. ఆ ఉద్దేశంలో తప్పులేదు. పరిశోధకులు, చిప్ తయారీదారులు వాడే స్పెక్ సీపీయూ 2017 పరీక్ష పూర్తి కావడానికి గంటలు పడుతుంది, మామూలు కొనుగోలుదారు అంత ఓపిక పట్టలేడు. అయితే గీక్‌బెంచ్ స్కోరును చదివేటప్పుడు, అది అలసట ఎరగని క్షణంలో తీసిన కొలత అని గుర్తుంచుకోవాలి. 2024 మేలో వచ్చిన ఎం4 ఐప్యాడ్ ప్రో ఒంటి కోర్ పరీక్షలో సుమారు 3,700 తెచ్చుకుంది. ఆ అంకెలో కొంత భాగం మ్యాట్రిక్స్ లెక్కల కోసం చేర్చిన ప్రత్యేక ఆదేశాల వల్ల వచ్చింది. ఆ ఆదేశాలను వాడుకునే సౌకర్యం గీక్‌బెంచ్‌లోకి 6.3 వెర్షన్‌తో, ఆ చిప్ రావడానికి కొద్ది వారాల ముందే వచ్చింది. ఆ ఆదేశాలతో పనిలేని యాప్ వాడేవాడికి ఆ అదనపు వేగం చేతికి రాదు. పరీక్ష నడుస్తున్నప్పుడు మాత్రమే చిప్‌ను అదనంగా పరుగెత్తించే పద్ధతులు కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో, ట్యాబ్లెట్లలో 2013లో బయటపడిన సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ బెంచ్‌మార్క్ యాప్‌ను పేరు చూసి గుర్తుపట్టి, దాని కోసం వేగం పెంచేది. అలాంటి మోడళ్లను పరీక్షల నిర్వాహకులు తమ పట్టికల నుంచి తొలగించారు.

ఇక అసలు విషయానికి, వేడికి, వద్దాం. ట్రాన్సిస్టర్ తెరుచుకుని మూసుకునే ప్రతిసారీ కొంత విద్యుత్తు ఖర్చవుతుంది, ఆ ఖర్చంతా చివరికి వేడిగా మారుతుంది. ఈ ఖర్చు గడియారపు వేగానికీ, అంటే గిగాహెర్ట్జ్‌లలో చెప్పే ఫ్రీక్వెన్సీకీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఫ్రీక్వెన్సీ పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి, చిక్కు అక్కడే ఉంది. రెండూ 20 శాతం చొప్పున పెంచామనుకుందాం. 1.2ను మూడుసార్లు హెచ్చిస్తే 1.73 వస్తుంది. 20 శాతం వేగం కోసం 73 శాతం అదనపు వేడిని భరించాలన్నమాట. ఇదే లెక్కను తిరగేస్తే ట్యాబ్లెట్ రహస్యం దొరుకుతుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గించుకుంటే 0.8ను మూడుసార్లు హెచ్చించగా 0.51, అంటే వేడి సగానికి పడిపోతుంది. అయిదో వంతు వేగం వదులుకుంటే సగం వేడి తప్పుతుంది. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్న కొద్దీ వోల్టేజి కూడా దామాషాగా తగ్గించుకోవచ్చని ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ బృందం 1974లో చూపించింది. దాదాపు మూడు దశాబ్దాలు కంప్యూటర్ల గడియారాలు ఏటేటా పెరగడానికి అదే ఆధారం. 2000ల మధ్యలో వోల్టేజి ఇక దిగనని మొరాయించడంతో ఆ సౌకర్యం అయిపోయింది. గడియారాన్ని పెంచడం కంటే కోర్లను పెంచడం, ఒక్కో గడియారపు టిక్కులో ఎక్కువ పని చేయించడం లాభమని అప్పటినుంచి అందరూ గ్రహించారు. ట్యాబ్లెట్ చిప్‌ల రూపకల్పన మొత్తం ఈ గ్రహింపు మీదే నిలబడింది.

పుట్టిన వేడి బయటికి పోవాలి. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఫ్యాన్ ఉంటుంది, అది గాలిని లోపలికి లాగి వేడిని బయటికి తోస్తుంది. పల్చటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్ 15 నుంచి 28 వాట్ల వరకూ గంటల తరబడి ఖర్చుపెట్టగలుగుతుంది. ట్యాబ్లెట్‌కు ఉన్నది దాని చర్మం ఒక్కటే. 11 అంగుళాల ఐప్యాడ్ ప్రో 2018 మోడల్ కొలతలు 247.6 మిల్లీమీటర్లు, 178.5 మిల్లీమీటర్లు. ముందు వైపు, వెనక వైపు కలిపితే 0.088 చదరపు మీటర్ల వైశాల్యం. ఫ్యాన్ లేని వేడి ఉపరితలం నుంచి గాలిలోకీ, కిరణాల రూపంలోనూ పోయే వేడి, చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు రమారమి 10 వాట్లు. చేత్తో పట్టుకునే వస్తువు 45 డిగ్రీలు దాటితే పట్టుకోలేం. గదిలో 25 డిగ్రీలుంటే తేడా 20 డిగ్రీలు. మూడింటినీ హెచ్చిస్తే 18 వాట్లకు కొంచెం తక్కువ వస్తుంది. ఇది ఆదర్శ పరిస్థితిలో వచ్చే గరిష్ఠం. ఉపరితలమంతా సమానంగా వేడెక్కడం ఎప్పుడూ జరగదు, చిప్ ఉన్న చోట ముందుగా కాలుతుంది, తెర కూడా కొన్ని వాట్లు తినేస్తుంది. ట్యాబ్‌ను పరుపు మీద పెట్టినా, మందపాటి కవరు తొడిగినా వెనక వైపు దాదాపు పోయినట్టే, మిగిలేది సగం. ఇప్పుడు అదే లెక్కను ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లకు తెచ్చి చూడండి. ఏసీ లేని గదిలో 40 డిగ్రీలుంటే తేడా 5 డిగ్రీలే, బయటికి పోగలిగింది సుమారు 4.4 వాట్లు. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు తాకిన మధ్యాహ్నం నీడలో కూర్చున్నా సరే, ఈ లెక్క సున్నా చెబుతుంది. 45 డిగ్రీల గాలిలో 45 డిగ్రీల వస్తువు తన వేడిని వదిలించుకోలేదు. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని యాపిల్ తన వివరాల పట్టికలోనే రాస్తుంది. చల్లటి గదుల్లో తీసిన స్కోర్లను చదివి కొన్న ట్యాబ్ కోస్తాలోనో తెలంగాణలోనో వేసవిలో నెమ్మదిస్తే, అది ఆ పరికరంలో లోపమనుకోనక్కరలేదు. దాని ఒంట్లోని వేడికి దారి మూసుకుపోయింది, కాబట్టి అది తనను తాను కాపాడుకుంటోంది. తెలుగు పాఠకుడికి ఈ అధ్యాయంలో అన్నిటికంటే పనికొచ్చే లెక్క ఇదేనని నా అభిప్రాయం. ఏ ప్రకటనలోనూ ఇది కనబడదు.

ఇదంతా కాగితం మీది ఊహ అనే వాళ్లకు ఎం1 ల్యాప్‌టాప్‌లే సమాధానం. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు, మ్యాక్‌బుక్ ప్రోలో ఉంది. చిన్న పరీక్షల్లో రెండింటి స్కోర్లూ ఒకటే. ఎనిమిది కోర్లనూ పూర్తిగా వాడే పనిని ఆపకుండా ఇస్తే మొదటి కొద్ది నిమిషాలు రెండూ సమానంగా నడుస్తాయి. తర్వాత ఎయిర్ మెల్లగా వేగం తగ్గించుకుంటుంది, ప్రో మాత్రం అదే వేగంతో సాగుతుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో ఈ సంగతి ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. 15 వాట్లని రాసి ఉన్న చిప్ కూడా పని మొదలైన కొన్ని సెకన్లపాటు అంతకు రెట్టింపు ఖర్చుచేయడానికి ఆ కంపెనీ నియమాలే అనుమతిస్తాయి. చాలా మోడళ్లలో ఆ వెసులుబాటు గడువు 28 సెకన్లు. ట్యాబ్లెట్లలో వేడి మొదటిసారి పెద్ద వార్త అయింది 2012లో. ఆ ఏడాది మార్చిలో వచ్చిన మూడో ఐప్యాడ్‌లో తెర బిందువుల సంఖ్య నాలుగు రెట్లు పెరిగింది, గ్రాఫిక్స్ భాగం పెరిగింది, చిప్ మాత్రం పాత 45 నానోమీటర్ల పద్ధతిలోనే తయారైంది. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దానిమీద 45 నిమిషాలపాటు ఒక ఆట ఆడించి కొలిస్తే వెనక వైపు 116 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 47 డిగ్రీల సెల్సియస్, నమోదైంది. అదే ఏడాది చివర్లో 32 నానోమీటర్ల చిప్‌తో నాలుగో ఐప్యాడ్ వచ్చి, ఏడు నెలలకే దాన్ని పాతదాన్ని చేసింది.

ఇక్కడి నుంచి పాత ట్యాబ్లెట్ల పోలికలోకి వెళ్లాలి, ఎందుకంటే అసలు అద్భుతం అక్కడుంది. 2010 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చిన మొదటి ఐప్యాడ్ బ్యాటరీ 25 వాట్-గంటలు. అది 10 గంటలు నడుస్తుందని యాపిల్ చెప్పింది. భాగిస్తే తెరతో సహా యంత్రమంతా సగటున 2.5 వాట్లతో నడిచిందన్నమాట. 2021 నాటి 11 అంగుళాల ఐప్యాడ్ ప్రో బ్యాటరీ 28.65 వాట్-గంటలు, వాగ్దానం అదే 10 గంటలు. సగటు ఖర్చు ఇప్పటికీ 3 వాట్ల లోపే. పదకొండేళ్లలో ఆ బడ్జెట్ కదల్లేదు. కదిలిందల్లా ఒక్కో వాటుకు దొరికే పని. 1 గిగాహెర్ట్జ్ ఒంటి కోర్, 256 మెగాబైట్ల మెమరీ నుంచి ఎనిమిది కోర్లు, 8 లేదా 16 గిగాబైట్ల మెమరీ వరకూ ప్రయాణం అదే బడ్జెట్‌లో జరిగింది. 2013 నాటి ఏ7లో ట్రాన్సిస్టర్లు 100 కోట్లు పైచిలుకు, 2024 నాటి ఎం4లో 2,800 కోట్లు. మరో సాక్ష్యం మ్యాక్ మినీ. ఆరు కోర్ల ఇంటెల్ ప్రాసెసరున్న 2018 మోడల్ గరిష్ఠంగా 122 వాట్లు వాడితే, దాని తర్వాత వచ్చిన ఎం1 మోడల్ గరిష్ఠం 39 వాట్లేనని యాపిల్ పట్టికలే చెబుతున్నాయి. వెనక్కి ఇంకా దూరం చూడాలంటే 2011కు వెళ్లాలి. టెన్నెసీ విశ్వవిద్యాలయంలో జాక్ డొంగర్రా బృందం లిన్‌ప్యాక్ అనే లెక్కల పరీక్షను ఐప్యాడ్ 2 మీద నడిపి, 1985లో ప్రపంచంలోకెల్లా వేగవంతమైన క్రే-2 సూపర్ కంప్యూటర్‌తో అది సాటి రాగలదని అంచనా కట్టింది. క్రే-2ను చల్లబరచడానికి దాని సర్క్యూట్లను ఒక ప్రత్యేక ద్రవంలో ముంచి ఉంచేవాళ్లు. ఐప్యాడ్ 2కు చల్లదనం చుట్టూ ఉన్న గాలి నుంచే వచ్చింది. కాబట్టి కొత్త ట్యాబ్లెట్ పాతదానికంటే ఎన్ని రెట్లు వేగం అని అడగడం కంటే, అంతే కరెంటుతో ఎన్ని రెట్లు పని చేస్తుంది అని అడిగితే ఇంజనీర్లు ఏం సాధించారో సరిగ్గా తెలుస్తుంది. ఎం2 చేసే పనినే ఎం4 సగం కరెంటుతో చేస్తుందని చెప్పినప్పుడు యాపిల్ కూడా ఈ భాషలోనే మాట్లాడింది, నా దృష్టిలో 92 శాతం ప్రకటన కంటే ఇది నిజాయితీ గల కొలత.

ట్యాబ్లెట్లు ఇంత తక్కువ కరెంటుతో ఇంత పని చేయడానికి కొందరు చెప్పే సులువైన వివరణ ఒకటుంది. ట్యాబ్లెట్లలో ఉండేది ఆర్మ్ తరహా ప్రాసెసర్, ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఇంటెల్ తరహా, ఆర్మ్ ఆదేశాలు సరళంగా ఉంటాయి కాబట్టి సహజంగానే కరెంటు తక్కువ తాగుతుంది అంటారు. వినడానికి బాగుంటుంది కానీ నిలబడే వాదన కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో రెండు తరహాల ప్రాసెసర్లనూ పక్కపక్కన కొలిచి, ఆదేశాల తరహా వల్ల కరెంటు ఖర్చులో గానీ వేగంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రావడం లేదనీ, తేడాలన్నీ ఏ లక్ష్యంతో చిప్‌ను రూపొందించారన్న దాని నుంచే వస్తున్నాయనీ తేల్చారు. అప్పటి ఆర్మ్ చిప్‌లు తక్కువ కరెంటు వాడింది అవి చిన్న పనులకు తయారైనందువల్ల. ట్యాబ్లెట్లు ల్యాప్‌టాప్‌లను అందుకోవడానికి రెండో వైపు కూడా ఒక కారణం ఉంది: ఆ వైపు ఆగిపోయింది. ఇంటెల్ 2014లో 14 నానోమీటర్ల తయారీకి చేరి, తర్వాతి మెట్టయిన 10 నానోమీటర్లను విస్తృతంగా ల్యాప్‌టాప్‌లలోకి తేవడానికి 2019 దాకా తీసుకుంది. పల్చటి ల్యాప్‌టాప్‌ల చిప్‌లు 2017 వరకూ రెండు కోర్ల దగ్గరే ఉండిపోయాయి. ఆ వ్యవధిలోనే తైవాన్‌లోని టీఎస్ఎంసీ ఫ్యాక్టరీల్లో ఐప్యాడ్ చిప్‌లు 20 నుంచి 7 నానోమీటర్లకు దిగాయి. నానోమీటర్ల పేర్లు కంపెనీని బట్టి వేర్వేరు కొలతలను సూచిస్తాయి కనుక వాటిని నేరుగా పోల్చకూడదు, అయినా ఒకరు నడుస్తుండగా మరొకరు నిలబడిపోయారన్నది స్పష్టమే. ఐప్యాడ్ గెలుపులో కొంత వాటా ప్రత్యర్థి ఆలస్యానిది.

ఖరీదైన ఐప్యాడ్‌ల నుంచి మనవాళ్లు ఎక్కువగా కొనే చవక ట్యాబ్‌లకు వస్తే మరో అపోహ ఎదురవుతుంది. షాపులో అట్టపెట్టె మీద ‘ఆక్టాకోర్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎనిమిది కోర్లంటే రెండు మూడు కోర్ల దానికంటే గొప్పదని కొనేవాడు అనుకోవడం సహజం. 2021లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్‌లో ఎనిమిది కోర్లున్నాయి. అన్నీ ఆర్మ్ కంపెనీ 2012లో ప్రకటించిన కార్టెక్స్-ఏ53 రకమే. 2014 నాటి ఐప్యాడ్ ఎయిర్ 2లో ఏ8ఎక్స్ చిప్‌కు ఉన్నవి మూడే కోర్లు, గడియారం కూడా తక్కువ, 1.5 గిగాహెర్ట్జ్. అయినా ఒక్కో కోర్‌ను విడిగా కొలిస్తే ఏడేళ్ల పాతదే రెట్టింపుకు పైగా వేగం. ఎందుకంటే ఏ53 ఆదేశాలను వచ్చిన వరసలోనే అమలుచేస్తుంది. రేషన్ షాపు వరసలో ముందున్న మనిషి కార్డు కోసం సంచీ వెతుక్కుంటుంటే వెనకవాళ్లంతా ఆగిపోయినట్టు, ఒక ఆదేశం మెమరీ నుంచి అంకె రావడానికి ఎదురుచూస్తే తర్వాతివి కూడా ఆగుతాయి. ఏ8ఎక్స్ లాంటి పెద్ద కోర్లు సిద్ధంగా ఉన్న ఆదేశాలను ముందుకు రానిచ్చి, ఫలితాలను తర్వాత వరసలో సర్దుకుంటాయి. మరి ఎనిమిది కోర్లూ కలిస్తే ఆ లోటు పూడదా అంటే, పనిని ముక్కలు చేయగలిగితే పూడుతుంది. పనిలో సగం మాత్రమే ముక్కలయ్యేదైతే, 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపించిన లెక్క ప్రకారం, ఎనిమిది కోర్లు కలిసి ఇచ్చేది 1.8 రెట్ల వేగం కూడా కాదు. వెబ్ పేజీ తెరుచుకోవడంలో, యాప్ మొదలవడంలో చాలా భాగం ఇలా ముక్కలు కాని పనే. విద్యార్థుల కోసం ప్రభుత్వాలు తెచ్చే చవక ట్యాబ్‌లకూ ఈ లెక్కే వర్తిస్తుంది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్లెట్, హైదరాబాద్‌లో తయారైనది, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో వచ్చి విమర్శల పాలైంది. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్ 2లో గడియారం 1 గిగాహెర్ట్జ్ అయింది, మెమరీ రెట్టింపయింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. పిల్లలకు ఇచ్చే పరికరాల టెండర్లలో కోర్ల సంఖ్య కంటే కోర్ రకం, మెమరీ పరిమాణం చూడాలని నేను గట్టిగా అంటాను, ఎందుకంటే ఆ పిల్లలు వాటినే ఏళ్ల తరబడి వాడాలి.

ఇప్పటివరకూ చెప్పినదానికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ట్యాబ్లెట్‌లో జనం చేసే పనులు ఎక్కువగా క్షణాలవి. పేజీ తెరుస్తారు, చదువుతారు, ఫొటో దిద్దుతారు, ఆపుతారు. అరగంటపాటు ఎనిమిది కోర్లనూ మండించే పని ఎవరు చేస్తారు? కాబట్టి చిన్న పరీక్షే నిజజీవితానికి దగ్గరగా ఉంది కదా? ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. పని త్వరగా ముగించి చిప్ నిద్రలోకి జారుకోవడమే బ్యాటరీకి కూడా మేలు, 10 గంటల వాగ్దానం నిలబడేది అందుకే. కానీ ఆ క్షణాల పనుల్లో కూడా ట్యాబ్ ‘స్లో అయిపోయింది’ అని జనం ఫిర్యాదు చేసేటప్పుడు చాలాసార్లు దోషి ప్రాసెసర్ కాదు. దానికి రెండు చక్కటి సాక్ష్యాలున్నాయి. మొదటిది 2012లో గూగుల్ కోసం ఆసుస్ తయారుచేసిన నెక్సస్ 7. నాలుగు కోర్ల టెగ్రా 3 చిప్‌తో కొత్తలో చురుగ్గా ఉండి, నెలలు గడిచేకొద్దీ మొద్దుబారింది. చిప్ అరిగిపోలేదు. ఫ్లాష్ స్టోరేజీలో చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఆ స్టోరేజీకి చెప్పే ఏర్పాటు లేక, రాసే ప్రతిసారీ అది తంటాలు పడేది. 2013 జులైలో వచ్చిన ఆండ్రాయిడ్ 4.3 ఆ ఏర్పాటు చేయగానే పాత ట్యాబ్‌లు తేరుకున్నాయి. రెండోది 2014 నాటి ఐఫోన్ 6, 2015 నాటి ఐప్యాడ్ మినీ 4. రెండింటిలోనూ ఏ8 చిప్పే, గడియారాల్లో తేడా స్వల్పం. ఫోన్‌లో మెమరీ 1 గిగాబైట్, ట్యాబ్లెట్‌లో 2 గిగాబైట్లు. ఫోన్‌కు 2018 నాటి ఐఓఎస్ 12 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. ఐప్యాడ్ మినీ 4 మాత్రం 2021 నాటి ఐప్యాడ్ఓఎస్ 15 దాకా నడిచింది. ఒకే చిప్ జీవితకాలం మూడేళ్లు పెరగడానికి ప్రధాన కారణం పక్కనున్న ఒక గిగాబైట్ మెమరీ అనే నేను భావిస్తాను. ప్రాసెసర్ స్కోరు ఈ రెండు కథల్లో దేన్నీ ముందుగా చెప్పగలిగేది కాదు.

సాఫ్ట్‌వేర్ గీసే గీతలు కూడా అంతే గట్టివి. ఎం1 ఐప్యాడ్ ప్రోలో ఎక్కువ స్టోరేజీ ఉన్న మోడళ్లకు 16 గిగాబైట్ల మెమరీ ఇచ్చినా, మొదట్లో ఒక్కో యాప్ దాదాపు 5 గిగాబైట్లకు మించి వాడుకోలేకపోయింది. ఐప్యాడ్ఓఎస్ 15 వచ్చాక, ప్రత్యేకంగా అనుమతి కోరిన యాప్‌లకే ఆ కట్టు సడలింది. 2023 మేలో ఐప్యాడ్‌కు ఫైనల్ కట్ ప్రో అనే వీడియో ఎడిటింగ్ యాప్ వచ్చినప్పుడు, వీడియోను ఎగుమతి చేస్తూ మరో యాప్‌లోకి వెళితే ఆ పని ఆగిపోయేది. అదే చిప్ మీద నడిచే మ్యాక్‌బుక్‌లో ఆ బెడద లేదు. ఇలాంటి బరువు పనులను వెనక నడవనిచ్చే సౌకర్యం ఐప్యాడ్‌కు 2025లో ఐప్యాడ్ఓఎస్ 26తో వచ్చింది. ఎం4 ఐప్యాడ్ ప్రో ఇంకో జాగ్రత్త నేర్పుతుంది. 256, 512 గిగాబైట్ల స్టోరేజీ మోడళ్లలో తొమ్మిది కోర్లు, 8 గిగాబైట్ల మెమరీ ఉంటే, 1, 2 టెరాబైట్ల మోడళ్లలో పది కోర్లు, 16 గిగాబైట్ల మెమరీ ఉన్నాయి. పెట్టె మీద పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. విచిత్రంగా ఈసారి చిప్ ముందు ట్యాబ్లెట్‌లో వచ్చి, ల్యాప్‌టాప్‌లలోకి 2024 చివర్లోనూ 2025లోనూ చేరింది. చిప్ పరంగా ట్యాబ్లెట్ ల్యాప్‌టాప్ వెనక నడిచే రోజులు పోయాయని దీన్నిబట్టి ఒప్పుకోవాలి. ఉతికి ఆరేసిన బట్టలా పల్చటి, 5.1 మిల్లీమీటర్ల ఒంట్లో ఆ చిప్ ఎంతసేపు పూర్తి బలంతో నిలుస్తుందన్నదే మిగిలిన ప్రశ్న.

అందుకే తెలుగులో పరికరాలను సమీక్షించే పత్రికలకూ, వీడియోలు చేసేవాళ్లకూ ఒక విన్నపం. ట్యాబ్లెట్ స్కోరు ప్రకటించేటప్పుడు పరీక్ష ఏ వెర్షన్‌దో, ఆ గదిలో ఎన్ని డిగ్రీల వేడి ఉందో పక్కనే రాయండి. అదే పరీక్షను అరగంటపాటు వరుసగా నడిపి, మొదటిసారి వచ్చిన స్కోరునూ చివరిసారి వచ్చిన స్కోరునూ రెండూ ఇవ్వండి. వీలైతే మే నెలలో, ఏసీ ఆపేసిన గదిలో, కవరు తొడిగి ఒకసారి నడపండి. చవక ట్యాబ్‌లకు కోర్ల సంఖ్యతో పాటు కోర్ రకాన్నీ, మెమరీనీ, స్టోరేజీ రకాన్నీ చెప్పండి. ఇందుకు ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు, ఒక థర్మామీటరు, ఒక గడియారం చాలు.